చెల్లె కొడుకు పొత్తిగుడ్డలు

దవాఖానలో నర్సమ్మ తలుపు సందులోంచి తల బయటపెట్టి, "బిడ్డను చుట్టనీకి మెత్తటి గుడ్డ ఇయ్యుండ్రి" అని అడిగినప్పుడు మా దగ్గర ఏమీ లేదు. మా ఇళ్లలో కాన్పు కాకముందు బిడ్డ కోసం గుడ్డముక్క కూడా పక్కన పెట్టరు. పెడితే బిడ్డ నిలవదని మా అవ్వ నమ్మకం. మా వైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. ఆమె అటూ ఇటూ చూసింది. తాను కట్టుకున్న నేత చీర కొంగును పంటితో కొరికి, చించి, నర్సమ్మ చేతిలో పెట్టింది. ఉతికి ఉతికి పల్చబడ్డ చీర. చించితే చప్పుడు కూడా సరిగా రాలేదు.

కాసేపటికి నర్సమ్మ మళ్లీ వచ్చి, "మగపిల్లగాడు" అని చెప్పి వాడిని నా చేతుల్లో పెట్టింది. అవ్వ చీర ముక్కలోంచి ఎర్రటి ముఖం ఒక్కటే కనబడుతోంది. చెల్లె ఎట్లా ఉందని అడుగుతుండగానే తలుపు మూసుకొని లోపలికి పోయింది.

చెల్లెకు రక్తం ఆగలేదు. వరంగల్ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో అవ్వ, మా ఆయన ఎక్కారు. నేను పిల్లవాడితో జనగామలోనే ఉండిపోయాను. మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. చెల్లె సంగతి ఏమీ చెప్పలేదు. "పిల్లగాడు పాలు తాగిండా?" అని మాత్రం అడిగాడు. ఆ అడిగిన తీరుతోనే నాకు తెలిసిపోయింది.

మా నాయిన పోయి చాలాకాలమైంది. అప్పటి నుంచి అవ్వ నా దగ్గరే ఉంటోంది. మా ఆయన మార్కెట్ యార్డులో కాంటా దగ్గర పనిచేస్తాడు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. చెల్లె నాకన్నా బాగా చిన్నది. దాని జడ వేసి బడికి పంపింది నేనే. భూపాలపల్లి అబ్బాయికిచ్చి పెళ్లి చేశాం. నాకు మరిది అవుతాడు. అతను బొగ్గు బావి దగ్గర కాంట్రాక్టు మీద డంపరు నడుపుతాడు. తొలి కాన్పు తల్లిగారింట్లో చేయాలి కాబట్టి ఏడో నెలలో చెల్లెను మా ఇంటికే తెచ్చుకున్నాం. వచ్చిన రోజు కాళ్లు చాపుకొని కూర్చొని, "అక్కా, గాడ పొద్దుగాల ఊడిస్తే పొద్దుమీకేసరికి మళ్ల నల్లగైతది. ఈడ జర పానం నిమ్మలంగున్నది" అంది. ఆ నిమ్మళం కొన్ని వారాలే.

భూపాలపల్లిలో దినాలు అయ్యాక పిల్లవాడి సంగతి వచ్చింది. మరిది తల్లి మోకాళ్లు పట్టుకొని కూర్చొని, "నాకే లేవరాదు, పచ్చి పిల్లగాన్ని ఎట్ల సాకుదు" అంది. ఎవరూ ఏమీ అనకముందే మా ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. నాకు అప్పటికే నలభై దగ్గర పడుతున్నాయి. కూతురు పదో తరగతిలో ఉంది, కొడుకు దానికన్నా చిన్నవాడు. పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకొని ఏళ్లయింది. పొత్తిగుడ్డలతో నా పని తీరిపోయిందనే అనుకున్నాను.

జనగామకు వచ్చిన మర్నాడే ఇంట్లో ఉన్న పాత బట్టంతా ముందేసుకున్నాను. మా ఆయన లుంగీలు, అవ్వ చీరలు, పిల్లలు చిన్నప్పుడు కప్పుకున్న దుప్పటి. కత్తెరతో కత్తిరించి, మిషను మీద అంచులు కుట్టబోతే అవ్వ వద్దంది.

"కుట్టు ఒరుసుకుంటది. పోగులూడితే ఊడనియ్యి."

మిషను మీది నుంచి లేచాను. పొడుగ్గా చింపిన గుడ్డను మడిచి, కాళ్ల నడుమ నుంచి తీసి, మొలతాడుకు ముందూ వెనకా చెక్కాలి. నా చేతులకు ఆ పని ఇంకా గుర్తుంది. బడికి పోయినప్పుడు నేర్చుకున్న ఎక్కాల లాగా, అడగకముందే వచ్చేసింది.

అవి వానాకాలం రోజులు. వాడికి డబ్బా పాలు పడలేదు. గుడ్డ మార్చి పడుకోబెడితే మళ్లీ తడిపేవాడు, కొన్నిసార్లు పాలు తాగుతుండగానే. డాక్టరమ్మ పాలు మార్చింది. మందు రాసిచ్చింది. అయినా కుదుటపడటానికి చాలా రోజులు పట్టింది. ఉతికే పని అవ్వ తీసుకుంది. ముందు చన్నీళ్లలో జాడించి, తర్వాత సబ్బు పెట్టి, గంజులో మరగబెట్టి, పిండి ఆరేసేది. ఆరేయడానికి ఎండ ఎక్కడిది? ఇంట్లోనే ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టాం. వంగి నడవాల్సి వచ్చేది. మా కూతురు వాటి కిందే కూర్చొని చదువుకునేది. పుస్తకం మీద నీటిబొట్టు పడితే చున్నీతో తుడుచుకొని, కొంచెం జరిగి కూర్చునేది. ఒక్కనాడూ విసుక్కోలేదు. ఇల్లంతా తడి వాసన, సబ్బు వాసన, ఊదు పొగ వాసన. ఊదు పొగ మీద గుడ్డలు పట్టి అవ్వ తేమ ఆరబెట్టేది.

అవ్వ పిల్లవాడి గుడ్డలన్నీ ఉతికేది కానీ వాడిని ఎత్తుకునేది కాదు. నేను వంట చేస్తుంటే వాడు ఏడ్చినా, తొట్టెల ఊపేది తప్ప చేయి వేసేది కాదు. వాడి నుదురు మా చెల్లె నుదురే. పైకి ఎత్తుగా, వెంట్రుకలు వెనక్కి పోయి. దాన్ని చూడలేకపోతోందని నాకు తెలుసు.

జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు వచ్చి గడపలో నిలబడేవారు. కొందరు పిల్లవాడిని చూసి కండ్లు తుడుచుకునేవారు. మా గల్లీలోనే ఉండే ఒకామె మాత్రం కొలతలు ఇస్తూ, గొంతు తగ్గించి, "తల్లిని మింగి పుట్టిండు, జర పైలం" అంది. అవ్వ వెనక గుడ్డలు పిండుతోంది. విన్నదని నేననుకోలేదు.

"వాడు మింగలే బిడ్డా" అంది అవ్వ, పిండుతూనే. "దాని ఆయుష్షు గంతే ఉండె."

ఆమె జాకెట్టు గుడ్డ చంకలో పెట్టుకొని పోయింది. మళ్లీ రాలేదు.

చెల్లె బట్టల సంగతి చెప్పాలి. కాన్పుకు వచ్చినప్పుడు తెచ్చుకున్న చీరలు, నైటీలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. పోయినవాళ్ల బట్ట ఇంట్లో ఉంచరు. ఇచ్చేస్తారు, లేకుంటే పారేస్తారు. అవ్వ దినాలైన వెంటనే వాటన్నిటినీ మూట కట్టింది. గుడ్డలు చాలక నేను ఒకసారి, అందులో పత్తి చీర ఒకటి ఉండాలి కదా అన్నాను.

"సచ్చిపోయినదాని బట్ట పిల్లగానికి తలుగొద్దు" అంది అవ్వ. మూట ఆ సాయంత్రం కనబడలేదు. ఎవరికో ఇచ్చేసిందనుకున్నాను.

తర్వాత ముసురు పట్టింది. వాన ఆగదు, ఎండ రాదు. వాడికి మళ్లీ విరేచనాలు మొదలయ్యాయి. ఒకనాడు మధ్యాహ్నానికే ఉన్న గుడ్డలన్నీ తడిసిపోయాయి. తాళ్ల మీద ఉన్నవన్నీ పచ్చి. వాడిని ఒళ్లో వేసుకొని నా చీర కొంగే కింద పెట్టాను. అవ్వ కాసేపు చూసింది. లేచి, బియ్యం డబ్బా వెనక చేయి పెట్టి మూట తీసింది. చెల్లెది ఆకుపచ్చ పత్తి చీర. కాన్పుకు ముందు రోజుల్లో ఒంటికి సులువుగా ఉంటుందని అదే కట్టుకునేది. అవ్వ గోడ వైపు తిరిగి కూర్చొని దాన్ని చింపడం మొదలుపెట్టింది. కొత్తగానే ఉంది కాబట్టి చర్రుమని గట్టిగా చినుగుతోంది. ఒక్కో ముక్క మడిచి పక్కన పెట్టింది. అంతా అయ్యాక వచ్చి నా ఒళ్లోంచి వాడిని తీసుకుంది. తన కాళ్ల మీద పడుకోబెట్టుకొని, తుడిచి, ఆకుపచ్చ గుడ్డ కట్టింది. వాడి నుదురు చూసింది. పమిట ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను ఆరని గుడ్డల కింద నుంచి వంగి వంటింట్లోకి పోయాను.

ఆ రోజు నుంచి వాడు అవ్వ ఒళ్లోనే పెరిగాడు.

మరిది సెలవు దొరికిన ఆదివారాల్లో వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా పెద్ద డైపర్ల సంచి తెచ్చేవాడు. "వదినె, ఇవి వాడుండ్రి. మీకు గింత కష్టమెందుకు" అనేవాడు. సూది మందుకు తీసుకుపోయినప్పుడు ఒకటి రెండుసార్లు వేశాం. వాడి తొడలు ఎర్రగా కందిపోయాయి. గాలి తగలనివ్వమని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ గుడ్డలే. సంచులు మంచం కింద పేరుకున్నాయి. అవి అక్కర్లేదని అతనికి చెప్పబుద్ధి కాలేదు. వట్టి చేతులతో రావడానికి అతనికి ముఖం చెల్లేది కాదు.

వాడిని ఎత్తుకోవడం అతనికి రాలేదు. అతన్ని పీట మీద కూర్చోబెట్టి వాడిని ఒళ్లో పెడితే, ఎక్కడ జారిపోతాడోనని కదలకుండా కూర్చునేవాడు. ఒకసారి వాడు అతని ప్యాంటు మీద ఉచ్చ పోశాడు. నేను తీసుకోబోతే, "ఉండనియ్యి వదినె" అన్నాడు. తడి ప్యాంటుతోనే కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో బొగ్గు. ఆ చేత్తో వాడి పాదం పట్టుకొని, "దానికి ఏంగావాల్నో అది ఎన్నడూ నోరిడిచి అడగలే" అన్నాడు. పిల్లవాడి గురించి కాదు, చెల్లె గురించి. అవ్వ లేచి బయటికి పోయింది. సాయంత్రం బస్సుకు అతను అదే ప్యాంటుతో వెళ్లాడు.

చలికాలం పోయింది. వాడు కూర్చున్నాడు, పాకాడు. మిషను కింద దూరి దారం ఉండలు లాగేవాడు. ఎండలు మొదలయ్యాక గుడ్డలు ఇట్టే ఆరిపోయేవి. దండెం మీద నుంచి తీసేటప్పుడు వేడిగా, అప్పడాల్లా ఉండేవి. అవ్వ వాటిని నలిపి మెత్తగా చేసి మడిచేది. కొంచెం ఊపిరి తీసుకున్నాం అనుకున్నాం.

ఆ ఎండల్లోనే మరిది తన తల్లితో వచ్చాడు. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"మా అవ్వకు శాతనైతలేదు వదినె. నేను డ్యూటీకి పోతే ఇంట్ల ఎవ్వలు లేరు. రేగొండ దిక్కు ఒక సంబంధం సూసిన్రు."

"చేసుకో" అన్నాను. "వయసున్నోనివి. ఎన్నొద్దులు ఒక్కనివి ఉంటవు."

మనసులో కూడా అదే ఉంది. అతని మీద నాకు కోపం రాలేదు.

"పిల్లగాన్ని గూడ తీస్కపోదామనుకుంటున్నం" అన్నాడు.

అవ్వ తడి చేతులతో తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఎన్నడు?" అని ఒక్క మాట అడిగింది.

"లగ్గమైనంక."

మరిది తల్లి నా చేయి పట్టుకుంది. "మంచిగ జేసిన్రు బిడ్డా. మీ రునం తీరేది గాదు. కని మా ఇంటి పిల్లగాడు. తండ్రి దగ్గర ఉండాలె గద."

వాళ్లు పోయాక మా ఆయన అన్నం ముందు కూర్చొని, తినకుండా, "ఎట్ల ఆపుతం? మన కొడుకు గాదాయె" అన్నాడు. ఆపమని నేనేమీ అనలేదు. అయినా తనకు తానే చెప్పుకుంటున్నట్టు మళ్లీ అన్నాడు, "తండ్రి ఉన్నడు. ఎట్ల ఆపుతం."

పెళ్లికి మేం పోలేదు. పోతే బాగుండదని అటువాళ్లూ ఇటువాళ్లూ అనుకున్నారు. తర్వాత కొద్ది రోజులకే కారు మాట్లాడుకొని ముగ్గురూ వచ్చారు. కొత్త కోడలు చిన్నపిల్ల. పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. చాప మీద అంచున కూర్చొని, ఇచ్చిన చాయ్ చల్లారిపోయినా చేతిలోనే పట్టుకుంది. పిల్లవాడు పాక్కుంటూ పోయి ఆమె గాజులు పట్టుకున్నాడు. ఆమె చాయ్ గ్లాసు దూరంగా పెట్టి, అనుమతి కోసమన్నట్టు నా వైపు చూసింది.

అవ్వ గుడ్డలన్నీ మడిచి ఒక దుప్పట్లో మూట కట్టింది. ఆకుపచ్చవి కూడా. ఉతికీ ఉడకబెట్టీ వాటి రంగు వెలిసి, ఇప్పుడు చెబితే తప్ప ఏ రంగో తెలియదు. మూట చూసి మరిది తల్లి, "గా పేలికలెందుకమ్మా, డైపర్లున్నయి" అంది.

"ఇయ్యనియ్యి అత్తమ్మా" అంది ఆ పిల్ల. అది ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి మాట. "ఎండకాలం. గుడ్డలే మంచిగుంటయి. నేను పిండుకుంట." తర్వాత నా దగ్గరికి జరిగి నెమ్మదిగా అడిగింది. "అక్కా, నాకు కట్టరాదు. జర చూపెట్టవా?"

వాడిని పడుకోబెట్టి చూపించాను. గుడ్డను నిలువుగా మడవాలి, మగపిల్లవాడు కాబట్టి ముందు వైపు మందంగా ఉండాలి. మొలతాడు లోపలి నుంచి తీసి పైకి మడవాలి. "గట్టిగ గుంజకు, కడుపు మీద వాత పడ్తది" అన్నాను. ఆమె ఒకసారి కట్టింది, ఊడిపోయింది. మళ్లీ కట్టింది. రెండోసారి నిలిచింది. వాడు బోర్లా తిరిగి పాక్కుంటూ పోయి, వెనక్కి తిరిగి ఆమెను చూసి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను సంతోషపడాల్సింది. వాడు నన్ను పట్టుకొని ఏడ్చి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

కారు ఎక్కేటప్పటికి వాడు నిద్రపోయాడు. ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయాడో వాడికి తెలియదు. మా పిల్లలిద్దరూ కారు వెంట మెయిన్ రోడ్డు దాకా పోయి వచ్చారు. అవ్వ గడప దాటలేదు.

సాయంత్రం ఆమెను అడిగాను. "దాని చీర ముక్క ఒక్కటన్న ఉంచుకోకపోయినవా అవ్వా?"

"ఉంచుకొని ఏంజేస్త. తడిపేటోడే పాయె" అంది.

తెల్లవారి లేచి చూస్తే గంజు నిండా నీళ్లు మరుగుతున్నాయి. అవ్వ పొయ్యి ముందు కూర్చొని ఉంది. నన్ను చూసి గుర్తుకొచ్చినట్టుంది, లేచి పొయ్యి ఆర్పింది. ఆ నీళ్లతో ఏం చేయాలో ఇద్దరికీ తోచలేదు. కొడుకును పిలిచి తలంటు పోశాను. తర్వాత కూడా అవ్వకు చాలా రోజులు ఆ అలవాటు పోలేదు. ఉతకడానికి ఏమీ లేక, ఉతికిన చీరలే మళ్లీ ఉతికేది. అన్నం తగ్గించింది. ఎందుకు తినవంటే, "అరుగుతలేదు" అనేది. ఆ ఏడాదిలోనే ఆమె బాగా పెద్దదైపోయింది.

బతుకమ్మ పండుగ అయ్యాక నేనొక్కదాన్నే భూపాలపల్లి పోయాను. కార్మికుల క్వార్టర్ల వెనక ఒక అద్దె ఇల్లు. రేకుల మీద, చెట్ల మీద, దండెం మీది బట్టల మీద సన్నటి నలుపు. ఆ పిల్ల దండెం మీది చిన్న గుడ్డలు దులుపుతోంది. నన్ను చూసి పరుగున వచ్చింది. కడుపుతో ఉంది. ఇల్లు శుభ్రంగా ఉంది, పిల్లవాడు ఒళ్లు చేశాడు, నడుస్తున్నాడు. నేను చేతులు చాపితే ఒక్క క్షణం చూసి, ఆమె కాళ్ల వెనకకు పోయి చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకున్నాడు.

"పెద్దమ్మ రా, జనగామ పెద్దమ్మ" అని ఆమె బతిమాలింది. వాడు ఇంకా గట్టిగా పట్టుకొని "అమ్మా" అని ఏడ్చాడు. ఆమెకు నా ముందు ఆ పిలుపు ఇబ్బందిగా తోచింది. "కొత్తోళ్ళను చూస్తే గిట్లనే జేస్తడు అక్కా" అంది. అని, ఆ మాట అన్నందుకు కండ్లు దించుకుంది. నేను తెచ్చిన సకినాలు చేతికిస్తే మాత్రం తీసుకున్నాడు.

బస్టాండు దాకా మరిది బండి మీద దింపాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు అన్నాడు. "వదినె, వానికి ఇప్పుడే ఏం చెప్పొద్దనుకుంటున్నం. పెద్దగైనంక నేనే చెప్త."

"సరే" అన్నాను. అది తప్పనీ అనిపించలేదు, ఒప్పనీ అనిపించలేదు. పరకాల దాటేదాకా కిటికీ పక్కన కూర్చొని ఏడుస్తూనే ఉన్నాను. పక్కనున్న ముసలామె తన సంచి నా కాళ్లకు తగలకుండా జరుపుకుంది.

ఆ పిల్లకు తర్వాత ఆడపిల్ల పుట్టింది. వాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. మరిది ఫోన్ కలిపి ఇస్తే, "పెద్దమ్మా, తిన్నవా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఫోన్ ఇచ్చేసి పోతాడు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో నలుగురూ మా ఇంటికి వచ్చారు. ఒక పూట ఉన్నారు. వాడు ఇల్లంతా తిరుగుతూ అవ్వ మంచం దగ్గర ఆగాడు. అక్కడ గోడకు చెల్లె ఫోటో ఉంది. దాని మీద వాడిపోయిన దండ.

"అమ్మమ్మా, గీమె ఎవరు?" అన్నాడు.

నేను మిషను ఆపాను. ఆ పిల్ల తన కూతురిని ఎత్తుకొని తలుపు దగ్గర నిలబడి ఉంది. మరిది బయట మా ఆయనతో మాట్లాడుతున్నాడు.

"మా చిన్నబిడ్డ" అంది అవ్వ.

"ఏడున్నది?"

"లేదు కొడుకా."

వాడు ఫోటోను ఇంకాసేపు చూశాడు. దండ మీద వేలు పెట్టబోయి తీసేశాడు. తర్వాత దూప అవుతోందన్నాడు. అవ్వ మంచం పట్టుకొని మెల్లగా లేచి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది.